రెండు చుక్కలు

మా ఓటు కాగితం మీద గుర్తులుండవు.
పెన్సిలుతో పేరు రాయాలి.
ఇరవై రెండేళ్ళుగా ఈ బడి జిమ్ములో
సాక్షి కుర్చీ నాది.
పొద్దున్నే మొదటి ఓటరుకి ఖాళీ పెట్టె తెరిచి చూపిస్తుంటే చూడడం,
సాయంత్రం దాకా నోరు మూసుకోవడం,
అంతే ఉద్యోగం.
బల్లల మధ్య అడ్డుచెక్కలుంటాయి, కళ్ళకి పని లేదు.
చెవులకి మాత్రం ఎవరూ అడ్డం కట్టలేదు.

కబసవ.
మా లిపిలోనూ నాలుగే అక్షరాలు.
రెండోదాని భుజం మీద రెండు చుక్కలు పెట్టాలి,
లేకపోతే 'బ' కాస్తా 'హ' అయిపోతుంది.
సర్రుమని గీతలు, చిన్న ఆగుడు,
టిక్కు టిక్కు.
తాత పేరూ అదే, తండ్రిదీ అదే, ఇప్పుడు మనవడిదీ అదే.
ఊరు ఊరంతా నా ముందు వరసగా
టిక్కు టిక్కుమనిపించి పోయేది,
చూరు నుంచి మంచు కరిగి బొట్లు పడ్డట్టు.

ఆ చుక్కలకి నేనూ బాకీ.
నొప్పులు పడుతున్న మా అక్కని
తలుపుచెక్క మీద మంచులో మోసుకుపోయారు,
కనుమ దాటకుండానే చల్లబడిపోయింది.
ఆరేళ్ళకి పెద్ద కబసవ ఆ కొండకి సొరంగం కొట్టించాడు.
మా నాన్న దాని నోటి దగ్గర
టోపీ తీసి వంగినవాడు
చాలాసేపు లేవలేదు.
ఉప్పు తిన్న ఇల్లు మాది.

తర్వాత ఆ సొరంగంలోంచే
కాన్పుల వార్డు వెళ్ళిపోయింది, బస్సు వెళ్ళిపోయింది,
ఈ బడిలో చివరి ముగ్గురు పిల్లలూ వెళ్ళిపోయారు.
వాళ్ళ ఎత్తులింకా గోడ మీదున్నాయి,
కొయెడె వాళ్ళ పిల్ల నూట పదకొండు దగ్గర ఆగిపోయింది.
పద్దుల్లో ఎక్కని కవర్ల సంగతి పేపర్లో పడ్డాక
మనవడు ఊరూరా తిరిగి తల వంచాడు.
బాగానే వంచాడు,
ఎంత వంచాలో ఎవరో కొలిచి చెప్పినట్టు.

ఈరోజు అందరికంటే ముందొచ్చింది తొయొకిచి.
కబసవ సంఘానికి ముప్ఫై ఏళ్ళ కోశాధికారి.
ఎప్పుడూ పెట్టెలోకి చూడడు, చూసినట్టు తలూపుతాడు.
ఈసారి వంగి
ఏదో పారేసుకున్నవాడిలా వెతికాడు.
బల్ల దగ్గర ఎంతకీ చప్పుడు లేదు.
తర్వాత రెండే అక్షరాలు, గబగబా.
చుక్కల్లేవు.

ఉనో. ఆ మూతపడ్డ వార్డులో నర్సు.

తప్పు విన్నానేమో, కిరోసిన్ పొయ్యి గొణుగుతోంది కదా.
పక్క కుర్చీలో ఫుసయె గారు
వేడినీళ్ళ సీసా మూత తిప్పుతూ తిప్పుతూ ఆగారు.
ఆవిడా వింటారని ఇన్నేళ్ళూ నాకు తెలీదు.
ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

చుక్కలు అసలు పడలేదని కాదు.
మధ్యాహ్నానికి పల్చబడ్డాయి.
ఒకావిడ ఒక్క చుక్క పెట్టి ఆగింది.
రెండోది పెట్టిందో లేదో,
అప్పుడే పైకప్పు మీంచి మంచు ధడాలున జారింది.

నాలుగింటికి నేను లేచాను.
ఇన్నేళ్ళూ నా చేతికి దారి తెలుసు,
నేను పక్కన నడిచేవాణ్ణి.
ఇవాళ చెయ్యి నన్నడిగింది.
వీపు వెనక జిమ్మంతా చెవి.

మా కాగితం తీరు వేరు.
ఎన్ని మడతలు పెట్టి వేసినా
పెట్టెలో పడ్డాక దానంతటదే విచ్చుకుంటుంది,
లెక్కపెట్టేవాళ్ళ సుఖం కోసం.
చెవి ఆనిస్తే వినపడుతుంది కూడా,
లోపల ఎవరో పక్క మీద ఒత్తిగిల్లినట్టు.

రాత్రి రేడియోలో చెప్పారు: కబసవ గెలిచాడు.
నూట తొంభై ఓట్లు.
పోయినసారి ముప్ఫై ఒక్క వేలు.
బాణసంచా కాల్చలేదు. సొరంగం దీపాలు మామూలుగానే వెలిగాయి.

పొద్దున పారతో వాకిలి తోస్తుంటే
ఫుసయె గారు ఎదురింటి నుంచి పలకరించారు.
నేనేం రాశానో ఆవిడకి తెలుసు.
ఈ ఏడు మంచు తడిగా ఉంది, బరువెక్కువ, అన్నారు.
అవునన్నాను.